కలపకూడని కొస

ఆ వేసవిలో మా అక్క బావ చొక్కా జేబులు వెతకడం మొదలుపెట్టింది.

ఏడేళ్ళ కాపురంలో అంతకు ముందెప్పుడూ ఆ పని చేసి ఎరగదు. ఉతకడానికి నానబెట్టే ముందు చొక్కా తిరగేసి, జేబులో వేళ్ళు పెట్టి, అడుగున పేరుకున్న దుమ్మును కూడా గోటితో లాగి వెలుగులో చూసేది. ఒక మర, ఒక వైరు ముక్క, అరిగిపోయిన నల్లటేపు చుట్ట. వాటిని కిటికీ గట్టు మీద వరుసగా పెట్టేది. సాయంత్రం బావ వచ్చి ఆ వరుసను ఒకసారి చూసి, మళ్ళీ జేబులో వేసుకునేవాడు. ఇద్దరి మధ్యా ఆ కిటికీ గట్టు ఒక్కటే మాట్లాడేది.

మేముండేది ఫ్యాక్టరీ క్వార్టర్సులో. రెండు గదులు, వెనక ఒక కుళాయి. అక్క, బావ, బావ వాళ్ళమ్మ, నేను. బావ పద్నాలుగేళ్ళుగా అక్కడ ఎలక్ట్రీషియన్. ఊళ్ళో బడి చదువు అయ్యాక ఏడాది వైరింగు నేర్చుకున్న నన్ను తీసుకొచ్చి, తన పూచీ మీద ట్రైనీగా చేర్పించాడు. ఆరు నెలలు పని చూసి, నచ్చితే ఉంచుకుంటారు. నేను ఎక్కువ మాట్లాడను. అందుకని బావ నన్ను ‘మాటలపుట్టా’ అని పిలిచేవాడు.

అది పండ్ల గుజ్జు తీసి డ్రమ్ముల్లో నింపే ఫ్యాక్టరీ. ఏడాది మొత్తంలో పదకొండు వారాలే అసలు పని. ఆ పదకొండు వారాలూ గేటు బయట లారీలు బారులు తీరి ఉంటాయి, వాటి మీద ఈగలు, కింద కారిన రసంలో చీమలు. పండు ఎవరి కోసమూ ఆగదు. లోపల లైను ఆగితే బయట పండు మెత్తబడుతుంది, గొట్టాల్లో గుజ్జు పులుస్తుంది. మనుషుల ముఖాలు అంతకంటే ముందే పులుస్తాయి.

ఫ్యాక్టరీలో రెండు షెడ్లు. ముందు షెడ్డులో గుజ్జు తీసే లైను. వెనక, తొంభై అడుగుల దూరంలో, శీతల షెడ్డు. అక్కడ చల్లదనం పుట్టించే రెండు కంప్రెసర్లు, వాటిని చూసుకునే ముసలాయన. అందరూ ఆయన్ని కంప్రెసర్ తాత అనేవాళ్ళు. అప్పటిదాకా ఆ రెండు షెడ్ల మధ్యా కబురు కావాలంటే గంట కొట్టేవాళ్ళు, లేదా మనిషి పరిగెత్తేవాడు. ఆ ఏడు కొత్తగా నెట్‌వర్కు కేబుల్ వేశారు. ముందు షెడ్డు ప్యానెల్, వెనక షెడ్డు ప్యానెల్ ఆ కేబుల్లో ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. క్షణం సేపు మాట తెగినా సరే, ప్రమాదమని తలచి లైను తనంతట తానే ఆగిపోతుంది.

ఆ కేబుల్ లాగింది బావ, నేను. లోపల సన్నని తీగలు జంటలుగా మెలేసి ఉంటాయి. వాటి చుట్టూ వెండిరంగు జాలి. బయటి మోటార్ల రొద లోపలి మాటల్లో కలవకుండా ఆ జాలి కాపు కాస్తుంది. దాన్నే షీల్డు అంటారు. ముందు ప్యానెల్లో బావ ఆ జాలిని దగ్గరకు తీసి, ఎర్తు బిళ్ళ కింద పెట్టి బిగించడం నేను చూశాను. వెనక ప్యానెల్ ఆయన ఒక్కడే కట్టాడు. నేను అప్పుడు డ్రమ్ముల దగ్గర బల్బులు మారుస్తున్నాను.

మొదటి లారీ రావడానికి రెండు రోజుల ముందు, దుమ్ము తుడవమని నన్ను వెనక షెడ్డుకు పంపారు. ప్యానెల్ తెరిచి చూస్తే జాలి ఊరికే వెనక్కి మడిచి ఉంది. ఎర్తుకు కలపలేదు. బావ హడావుడిలో మరిచిపోయాడనుకున్నాను. మేనేజరు చూస్తే పదిమందిలో మాట అంటాడు. అందుకని పోగులన్నీ దగ్గరకు తీసి, గట్టిగా మెలేసి, ఎర్తు మర కింద పెట్టి బిగించాను. చేతి వేలితో లాగి చూశాను, కదల్లేదు. ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఆయన తప్పును ఎత్తి చూపినట్టుంటుందని.

లైను మొదటిసారి ఆగింది నాలుగో రోజు మధ్యాహ్నం మూడున్నరకు.

ఒక్కసారిగా రొద పోయింది. ఆ నిశ్శబ్దంలో కన్వేయరు పట్టీ మీది పండ్లు ఒకదానికొకటి తగిలి దొర్లిన చప్పుడు అందరికీ వినబడింది. బావ వచ్చి ప్యానెల్ తెరిచి, ఏవేవో నొక్కి, పావుగంటలో నడిపించాడు. మర్నాడు మళ్ళీ. ఆ మర్నాడు రెండుసార్లు. వారం తిరిగేసరికి లారీ డ్రైవర్లు గేటు దగ్గర అరవడం మొదలుపెట్టారు. రెండు లారీల సరుకు కుళ్ళిపోయి, తిరగ్గొట్టాల్సి వచ్చింది.

కేబుల్ అమ్మిన కంపెనీ మనిషి వచ్చి రెండు రోజులు కూర్చున్నాడు. ఆ రెండు రోజులూ ఆయన పొద్దున వచ్చి మధ్యాహ్నం భోజనానికి వెళ్ళిపోయేవాడు. ఆ రెండు పూటలూ లైను ముత్యంలా నడిచింది.

“మా వస్తువులో లోపం లేదండీ. మీ మనుషుల్ని చూసుకోండి,” అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ మాట ఫ్యాక్టరీ అంతా తిరగడానికి ఒక పూట చాలు. ఎందుకంటే మాకొక రేడియో ఉంది. డ్రమ్ములకు చీటీలు అంటించే ఆమె. ఆమె చెవిలో పడిన మాట షిఫ్టు మారేలోగా గేటు దాటేది.

“ఆగేదంతా మధ్యాహ్నం షిఫ్టులోనేనట కదా,” అంది చీటీకి జిగురు రాస్తూ. “మధ్యాహ్నం షిఫ్టు ఎవరిది పిల్లా?”

“నలుగురిది,” అన్నాను.

“నలుగురిలో ప్యానెల్ తాళం ఎవరి దగ్గరుంటుంది?”

నేను జిగురు డబ్బా ఆమె వైపు జరిపాను.

“నేనేమీ అనడం లేదమ్మా. కొత్త కేబుల్ బాగా నడిస్తే షిఫ్టుకు నలుగురు ఎలక్ట్రీషియన్లెందుకు, ఇద్దరు చాలంటున్నారట. నడవకపోతే? నలుగురూ కావాలి. అందులోనూ పావుగంటలో నడిపించే మొనగాడు మరీ కావాలి. తాళం వేసినవాడికే కదా తీయడం తెలిసేది!” అని జిగురు చెయ్యి తుడుచుకుంది.

ఆ మాటను అక్కడే వదిలేసి రావలసింది. నేను ఇంటికి మోసుకొచ్చాను. అక్కకు చెప్పలేదు కానీ, ఒక పాత నోటుబుక్కు తీసి రాయడం మొదలుపెట్టాను. తేదీ, లైను ఆగిన వేళ, అప్పుడు బావ ఎక్కడున్నాడు, ఎంతసేపటికి వచ్చాడు. ఓపిగ్గా చూడడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ పుస్తకంలో ఎవరెవరు ఎక్కడున్నారో అంతా ఉంది. ఏ యంత్రం ఎప్పుడు నడుస్తోందో మాత్రం ఒక్క చోట కూడా రాయలేదు.

మేనేజరు కూడా తన పద్ధతిలో చూశాడు. ఒక సోమవారం బావను పిలిచి, “ఈ వారం నువ్వు పొద్దున షిఫ్టుకు రా,” అన్నాడు. కారణం చెప్పలేదు. బావ అడగలేదు.

ఆ వారమే వాన పట్టుకుంది. వేసవి నడిమధ్య, ఎవరూ అనుకోని వాన. ఆరు రోజులు ఆకాశం దిగివచ్చి షెడ్ల రేకుల మీద కూర్చుంది. లారీల మీద పట్టాలు కప్పారు. ఆ ఆరు రోజులూ లైను ఒక్కసారి కూడా ఆగలేదు.

ఏడో రోజు ఎండ కాసింది. బావ మళ్ళీ మధ్యాహ్నం షిఫ్టుకు వచ్చాడు. నాలుగింటికి లైను ఆగింది.

ఇక ఎవరూ ఏమీ అనక్కర్లేకపోయింది. టీ బల్ల దగ్గర బావ కూర్చుంటే, అప్పటిదాకా కూర్చున్నవాళ్ళకు ఏదో పని గుర్తొచ్చేది. మేనేజరు అందరూ వినేలా, “ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పడతాను,” అన్నాడు. బావ టీ చివరి గుక్క తాగి, గ్లాసు కడిగి బోర్లించి, లేచి వెళ్ళాడు. దొంగ కాకపోతే ఆ మాటకు ఎదురు తిరగడా అనుకున్నాను. ఎదురు తిరిగి ఉంటే, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని అనుకునేదాన్నేమో. అనుమానం ఒకసారి గదిలోకి వచ్చాక దానికి ఏ కుర్చీ అయినా ఒకటే.

ఇంట్లో కూడా అదే సంగతి.

“మీరు రోజూ షిఫ్టుకు గంట ముందు వెళ్తున్నారు. ఎందుకు?” అని అక్క అడిగింది ఒక పొద్దున, చొక్కా బొత్తాం కుడుతూ.

“పని ఉంది.”

“గంట ముందు ఏం పని?”

“కేబుల్ చూస్తున్నాను. ఎక్కడైనా నలిగిందేమోనని.”

“పద్నాలుగు రోజుల నుంచా?”

బావ సైకిలు తాళం కోసం వెతికాడు. వాళ్ళమ్మ మంచం మీద నుంచి అందుకుంది: “వాడు చిన్నప్పుడు గోడ గడియారం విప్పి మళ్ళీ బిగించాడే. రెండు మరలు మిగిలిపోయాయి. అయినా అది ఇరవై ఏళ్ళు నడిచింది. వాడి చెయ్యి పడితే నడవాలే గానీ ఆగదు.”

“గంటకు ఐదు నిమిషాలు ముందుకు పోయేదని కూడా చెప్పు,” అన్నాడు బావ.

ఇంకో రోజైతే అక్క నవ్వేది. ఆ రోజు దారం కొరికి, సూది గోడకున్న క్యాలెండరుకు గుచ్చి, లోపలికి వెళ్ళిపోయింది.

ఆ గురువారం నేను చూశాను.

భోజనాల వేళ. వెనక షెడ్డు దగ్గర చల్లగా ఉంటుందని నేను నా గిన్నె తీసుకుని అక్కడికి వెళ్ళాను. కంప్రెసర్ తాత గోడకు ఆనుకుని కునుకు తీస్తున్నాడు. లోపల బావ ఒక్కడే ఉన్నాడు. ప్యానెల్ తలుపు తెరిచి ఉంది. చేతిలో కటింగ్ ప్లయరు. ఆయన లోపలికి వంగి చాలాసేపు కదలకుండా చూశాడు. తర్వాత టక్కుమని చిన్న చప్పుడు. ఏదో ముక్క అరచేతిలోకి తీసుకుని, వెలుగు వైపు తిప్పి చూసి, అగ్గిపెట్టెలో పెట్టి, జేబులో వేసుకున్నాడు. వెనక్కి తిరిగి ఒకసారి తలుపు వైపు చూశాడు.

నేను స్తంభం చాటున ఉన్నాను. గిన్నె చల్లారిపోయింది.

అదే సాయంత్రం మేనేజరు షిఫ్టు మారే వేళ అందర్నీ గుమిగూర్చి చెప్పాడు. ఇంకొక్కసారి లైను ఆగితే పోలీసులకు రాసిస్తానని. ఆ మాట అంటూ ఎవరి వైపూ చూడలేదు. అందరూ బావ వైపు చూశారు.

ఆ తర్వాత లైను ఆగలేదు. ఒక రోజు, మూడు రోజులు, వారం. ఎండలు ముదిరాయి, లారీలు మళ్ళీ కదిలాయి, సీజను ముగిసే దాకా ఒక్కసారి కూడా ఆగలేదు.

“చూశావా? పోలీసు అనగానే రోగం కుదిరింది,” అంది రేడియో.

మేనేజరు కూడా అలాగే అన్నాడట. చివరి లారీ వెళ్ళిపోయిన రోజు బావ చేతికి కాగితం వచ్చింది. సోమవారం విచారణ. హెడ్డాఫీసు నుంచి ఒకాయన వస్తాడు. ఆరోపణ రుజువైతే ఉద్యోగంలోంచి తీసేసి, నెలలోగా క్వార్టర్సు ఖాళీ చేయిస్తారు. పద్నాలుగేళ్ళ పనికి ఆరు వాక్యాలు.

అక్క ఆ కాగితం రెండుసార్లు చదివింది. నన్ను వెనక కుళాయి దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి అడిగింది.

“నువ్వు రోజంతా అక్కడే ఉంటావు. నీ కంటికి కనపడనిది ఉండదు. నిజం చెప్పు. ఆయనేనా?”

చెప్పకుండా ఉండవచ్చు. తెలియదు అనవచ్చు. నేను గురువారం చూసింది చెప్పాను. ప్లయరు, చిన్న చప్పుడు, అగ్గిపెట్టె.

అక్క ఏడవలేదు. బకెట్టు నిండి పొర్లిపోతుంటే కుళాయి కట్టింది. “నాకు జేబులో దొరకలేదు ఆ అగ్గిపెట్టె,” అంది. “బీడీ కాల్చడు. అగ్గిపెట్టె ఎందుకు?”

ఆ రోజు నుంచి అన్నం వడ్డించేటప్పుడు అక్క ఆయన కంచంలోకే చూసేది. ముఖంలోకి చూసేది కాదు.

శనివారం సీజను ముగిశాక చేసే శుభ్రం. పైపుల్లో నీళ్ళు పోస్తూ లైను నడుపుతారు, ప్యానెళ్ళు తెరిచి దుమ్ము దులుపుతారు. నాకు వెనక షెడ్డు వచ్చింది. తలుపు తెరిచి, బ్రష్షుతో ఒక్కొక్క వరుసా తుడుచుకుంటూ కేబుల్ దగ్గరికి వచ్చాను.

నేను కట్టిన ముడి లేదు.

ఎర్తు మర ఖాళీగా ఉంది. జాలిని పొట్టిగా కోసి, చివరికంటా నల్ల స్లీవు, సన్నని రబ్బరు గొట్టం, తొడిగారు. చాలా శుభ్రమైన పని. మొదట నాకు కలిగింది కోపం. నేను బిగించిన ఎర్తును కోసేశాడు! అంటే ఇదే ఆయన చేసిన పాపం, ఇదే సాక్ష్యం. సోమవారం మేనేజరు నన్ను అడిగితే ఇది చూపించాలా అని కూడా అనుకున్నాను.

కానీ ఆయన కోశాక లైను ఆగలేదు. కోయక ముందే ఆగింది.

ఆ రెండు వాక్యాల మధ్య చాలాసేపు నిలబడ్డాను. తలుపు లోపలివైపు ఒక ప్లాస్టిక్ సంచిలో ఈ ప్యానెల్ డ్రాయింగు ఉంటుంది. తీసి చూశాను. ముందు ప్యానెల్ దగ్గర షీల్డు నుంచి ఒక గీత కిందికి దిగి ఎర్తు గుర్తును తాకింది. వెనక ప్యానెల్ దగ్గర ఆ గీత దిగలేదు. కొంచెం ఖాళీ. దుమ్ము తుడిచిన నాడు కూడా ఆ ఖాళీ నాకు కనబడింది. గీసినవాడు మరిచిపోయి ఉంటాడనుకున్నాను, బావ మరిచిపోయాడనుకున్నట్టే.

“తాతా,” అని పిలిచాను. “ఆ పెద్ద కంప్రెసర్ ఎప్పుడు వేస్తావు?”

“పాతదా? దాన్ని ఊరికే లేపను. ఎండ మండితేనే. మధ్యాహ్నం మూడు దాటాక చిన్నది ఒక్కటీ లాగలేదు. అప్పుడు దీన్ని లేపుతాను. లేచేటప్పుడు ముసలి గేదెలా మూలుగుతుంది.”

“వాన పడ్డ వారం?”

“వానలో దానితో ఏం పని? హాయిగా పడుకుంది. నేనూ పడుకున్నాను.”

ఆ సాయంత్రం బావ వెనక వాకిట్లో సైకిలు బోర్లించి గొలుసుకు నూనె వేస్తున్నాడు. నేను వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. ఈ సీజను మొత్తంలో నేను ఆయన్ని అడిగిన మొదటి ప్రశ్న అదే.

“బావా, వెనక ప్యానెల్లో షీల్డు ఎర్తు ఎందుకు కోశావు?”

చక్రం తిప్పుతున్న చెయ్యి ఆగింది. నా వైపు కాకుండా గొలుసు వైపు చూస్తూ అన్నాడు: “అది అక్కడ కలపకూడదు కాబట్టి.”

“ముందు ప్యానెల్లో కలిపావుగా?”

“అక్కడ కలపాలి. ఇక్కడ కలపకూడదు. మీ ఊళ్ళో పైమడి, కిందమడి ఉంటాయా? రెండింట్లోనూ నీళ్ళున్నాయి. మధ్యలో గొట్టం పెట్టి రెండు కొసలూ తెరిచావనుకో, ఏమవుతుంది?”

“పారుతుంది.”

“అంతే. రెండు షెడ్లకూ రెండు ఎర్తులు. భూమి ఒకటే కదా అనుకుంటాం, కానీ రెండు గుంతలూ ఒక మట్టంలో ఉండవు. ఆ ముసలి కంప్రెసర్ మోటారు లోపలి తీగ చుట్ట పాడైంది. లేచినప్పుడల్లా అక్కడి ఎర్తులోకి కరెంటు వదులుతుంది. షీల్డు రెండు పక్కలా కలిస్తే అదంతా కేబుల్ మీదుగా ఇటు పారుతుంది. గొడుగనుకున్నది కాలువైపోతుంది. లోపలి తీగలు ఇక మాట్లాడేదేముంది?”

“కొస అలా ఊరికే మడిచి ఎందుకు వదిలావు?”

“స్లీవులు అయిపోయాయి. రాగానే తొడుగుదామనుకున్నాను. లారీలొచ్చాయి, మరిచాను. ఒక చీటీ అయినా కట్టాల్సింది.” నూనె గుడ్డతో వేళ్ళు తుడుచుకుని, సైకిలు సీటు కింది సంచిలోంచి అగ్గిపెట్టె తీశాడు. తెరిచి నా ముందు పెట్టాడు.

లోపల వెండిరంగు ముడి. బొటనవేలి గోరంత. పోగులన్నీ ఎడమ వైపుకు మెలి తిరిగి ఉన్నాయి.

నాది ఎడమచేతి వాటం. ఆ ఫ్యాక్టరీలో ఇంకెవరూ అలా మెలి తిప్పరు.

“ఇది చూసేదాకా నాకూ అర్థం కాలేదు,” అన్నాడు. “కేబుల్ మొత్తం గజం గజం చూశాను. ఈ ప్యానెల్ మాత్రం నేను కట్టిందే కదా, ఇందులో తప్పేముంటుందని ఆఖరున తెరిచాను.”

“ఎందుకు చెప్పలేదు?”

“ఎవరికి? నీ ఆరు నెలలు ఇంకా కాలేదు. ఆగిపోవడం ఆగితే అందరూ మరిచిపోతారనుకున్నాను. ఆగకుండా నడవడమే నా మెడకు చుట్టుకుంటుందని అనుకోలేదు.” అగ్గిపెట్టె మూశాడు. “పైగా సీజనుకు ముందు రెండు ప్యానెళ్ళూ చూశానని సంతకం పెట్టింది నేను. వెనకది చూడకుండానే పెట్టాను. ఇక నిన్నేమనను?”

“నాకైనా చెప్పాల్సింది.”

“నువ్వైనా అడగాల్సింది,” అన్నాడు. కోపం లేదు ఆ మాటలో. “అందరూ నువ్వు దొంగవా అన్నట్టు చూశారు. ఏం జరిగింది అని అడిగినవాళ్ళు లేరు. సోమవారం నువ్వు నోరెత్తకు. నా చేతిలో పని ఉంది, ఎక్కడైనా బతుకుతాను.”

తలుపు దగ్గర అక్క నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. చేతిలో తడి చొక్కా నేలకు కారుతోంది.

సోమవారం మేనేజరు గదిలో నలుగురున్నారు. మేనేజరు, హెడ్డాఫీసు ఆయన, గోడ పక్కన నిలబడి బావ. నాలుగోదాన్ని నేను. నన్నెవరూ పిలవలేదు. తలుపు కొట్టి లోపలికి వెళ్ళాను. బావ తల అడ్డంగా ఊపాడు. నేను చూడనట్టే ఉన్నాను.

“ఏంటమ్మా?” అన్నాడు మేనేజరు. నా గొంతు ఆయన అంతకు ముందు విని ఉండడు.

“సార్, లైను ఇంకా నీళ్ళ మీద నడుస్తోంది. ఒకసారి ఆపి చూపిస్తాను.”

“ఆపి చూపిస్తావా?”

“వెనక షెడ్డు నుంచి. మీరు ముందు ప్యానెల్ దగ్గర నిలబడండి.”

హెడ్డాఫీసు ఆయనకు కుతూహలం కలిగింది. లేచాడు. ఆయన లేస్తే మేనేజరూ లేవక తప్పలేదు.

వెనక ప్యానెల్లో నల్ల స్లీవు లాగేశాను. కోసేసిన జాలికి చిన్న వైరు ముక్క చుట్టి, ఎర్తు మర కింద పెట్టి బిగించాను. నా చెయ్యి మామూలుగా ఎటు తిరుగుతుందో అటే తిప్పాను. “తాతా, పెద్దదాన్ని లేపు,” అన్నాను.

ముసలి గేదె మూలిగింది. దూరాన ముందు షెడ్డులో రొద టక్కున ఆగిపోయింది.

వైరు విప్పాను. లైను నడిపించారు. తాత మళ్ళీ కంప్రెసర్ లేపాడు. ఈసారి రొద ఆగలేదు. కలిపాను, ఆగింది. విప్పాను, నడిచింది. మూడోసారికి హెడ్డాఫీసు ఆయన పరిగెత్తుకుంటూ వెనక షెడ్డుకు వచ్చాడు, వెనకే మేనేజరు, ఆ వెనక రేడియోతో సహా సగం ఫ్యాక్టరీ.

“దీన్ని సీజనుకు ముందు ఎవరు కలిపారు?” అన్నాడు ఆయన రొప్పుతూ.

“నేను.”

“ఎవరు కలపమన్నారు?”

“ఎవరూ చెప్పలేదు. మరిచిపోయారనుకుని నేనే కలిపాను. బావ కనిపెట్టి కోసేశాడు. అందుకే ఆగడం లేదు. పోలీసులన్నందుకు కాదు.”

మేనేజరు బావ వైపు తిరిగాడు. “ముందే చెప్పొచ్చుగా,” అన్నాడు. బావ, “మీరు అడగలేదు సార్,” అన్నాడు.

ఆ వారంలోనే, రెండు గుంతల మట్టమూ ఒకటయ్యేలా, రెండు షెడ్ల ఎర్తులనూ కలుపుతూ నేలలో లావుపాటి రాగి తీగ వేశారు. పాత కంప్రెసర్ చుట్ట మార్చారు. చూడకుండా సంతకం పెట్టినందుకు బావకు హెచ్చరిక కాగితం ఇచ్చారు. ఉద్యోగం మిగిలింది, ఇల్లు మిగిలింది. నాకు మాత్రం వచ్చే నెల నుంచి రానక్కర్లేదని చెప్పారు. న్యాయమే. నేను ఎదురు చెప్పలేదు.

బావ ఐదు రోజులు నాతో మాట్లాడలేదు. తను చేయి అడ్డం పెట్టి కాపాడిన దీపాన్ని నేనే ఊదేశానని ఆయన బాధ. అక్క ఆ ఐదు రోజులూ ఆయనతో మాట్లాడాలని చూసింది. పక్కన కూర్చునేది, నోరు తెరిచేది, కూర ఇంకొంచెం వేయమంటారా అని లేచిపోయేది. తప్పైపోయిందనే మాట మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా పలకడం రాదు.

ఆరో రోజు ఆదివారం. నేను వెనక వాకిట్లో గిన్నెలు తోముతున్నాను. అక్క చొక్కాలు ఉతికి తీగ మీద ఆరేసింది. బావ బయటికి వచ్చి తన చొక్కా ముందు ఆగిపోయాడు. తెల్ల చొక్కా. జేబు దగ్గర నుంచి నడుము దాకా నీలంగా, పెద్ద చెరువులా మరక. వైర్లకు నంబర్లు రాసే మార్కరు జేబులోనే ఉండిపోయి నీళ్ళలో కరిగింది.

“ఇదేంటి?” అన్నాడు.

బావ వాళ్ళమ్మ కిటికీలోంచి తొంగి చూసి నెత్తి కొట్టుకుంది. “జేబులు చూడకుండా ఉతికావా? పోయిన నెలంతా ఈకకు ఈక తోకకు తోక పీకి చూశావు కదే!”

అక్క బకెట్టు దించింది. ముఖం ఎర్రబడింది. కానీ ఈసారి ఆయన ముఖంలోకే చూసింది.

“ఇక చూడను,” అంది.

బావ జేబులో చెయ్యి పెట్టి మార్కరు తీశాడు. మూత విప్పి అరచేతి మీద గీత గీసి చూశాడు. ఇంకా రాస్తోంది. దాన్ని నా వైపు విసిరాడు. నేను ఎడమ చేత్తో పట్టుకున్నాను.

“దాచుకో మాటలపుట్టా,” అన్నాడు. “ఇక ఏ ఫ్యాక్టరీలో చేరినా, కలపని కొస కనబడితే ముందు చీటీ రాసి కట్టు. రాయడం అయ్యాక, వెళ్ళి అడుగు.”

ఆ చొక్కాను అక్క ఎంత ఉతికినా మరక పోలేదు. బావ దాన్ని పారేయనివ్వలేదు. మర్నాడు అదే తొడుక్కుని షిఫ్టుకు వెళ్ళాడు.